ప్రశ్నలు – జవాబులు: పునీత లారెన్సు, రోమ్ నగరపు డీకను

ఆగస్టు 10న పునీత లారెన్సు పండుగ. ఆయన రోమ్‌లో డీకను, అంటే గురువుల (ప్రీస్టుల) తర్వాతి వరుసలో ఉండి సంఘంలో పేదల పోషణ చూసేవాడు. పండుగ దగ్గరపడే కొద్దీ మాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆయన్ని కాల్చారని చెప్పే ఇనుప కమ్మీల చట్రం చుట్టూనే తిరుగుతాయి. ఆయన చేతిలో ఉన్న పేదల జాబితా గురించి అడిగేవారు తక్కువ. ఈసారి రెంటికీ చోటిచ్చాం, రెండోదానికి కాస్త ఎక్కువే.

నవదిన ప్రార్థనల కరపత్రంలో లారెన్సు గారి జీవితం వేయాలి. ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది. ఏది రాస్తే తప్పు లేకుండా ఉంటుంది?
– ఒక ఉపదేశి, గుంటూరు జిల్లా

గట్టి ఆధారం ఉన్నంతవరకు ముందు రాయండి. అది కొద్దే, అయినా ఒక పేజీకి సరిపోతుంది.

257 ఆగస్టులో రోమ్ చక్రవర్తి వలేరియన్ మొదటి శాసనం తెచ్చాడు. దాని ప్రకారం బిషప్పులు, గురువులు, డీకన్లు రోమ్ దేవతలకు మొక్కాలి. క్రైస్తవులు ఒకచోట కూడకూడదు, తమ సమాధుల తోటల్లోకి అడుగుపెట్టకూడదు. అనుకున్న ఫలితం రాలేదు. 258 వేసవిలో రెండో శాసనం వచ్చింది. ఈసారి బిషప్పులకు, గురువులకు, డీకన్లకు వెంటనే మరణశిక్ష. సెనేటర్లు, పెద్ద హోదాలున్న క్రైస్తవులు పదవీ ఆస్తీ పోగొట్టుకుంటారు, అప్పటికీ విశ్వాసం వదలకపోతే తల పోతుంది. గొప్పింటి స్త్రీలకు ఆస్తి జప్తు, దేశబహిష్కారం. చక్రవర్తి కొలువులో పనిచేసే క్రైస్తవులకు ఆస్తి జప్తు, ఆపైన సంకెళ్లతో రాజభూముల్లో చాకిరీ.

ఇవన్నీ కార్తేజ్ బిషప్పు సిప్రియన్ గారు ఆ రోజుల్లోనే రాసిన ఉత్తరంలో ఉన్నాయి. ఆయన ఉత్తరాల వరుసలో అది 80వది. పోపు రెండవ సిక్స్తుస్ గారిని ఆగస్టు 6న సమాధుల తోటలో చంపారని, ఆయనతోపాటు నలుగురు డీకన్లు చనిపోయారని, రోమ్ అధికారులు రోజూ మనుషుల్ని పట్టుకుని వాళ్ల ఆస్తులు ఖజానాలో కలుపుకుంటున్నారని కూడా అందులో ఉంది. లారెన్సు పేరు అందులో లేదు. ఆయన చనిపోయింది సిక్స్తుస్ గారి తర్వాత నాలుగు రోజులకు.

పేరు, తేదీ, చోటు మూడూ కలిసి కనిపించేది 354 నాటి రోమ్ పంచాంగంలో. అందులోని వేదసాక్షుల (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవారి) పట్టిక 336 నాటికే తయారైంది. ఆగస్టు 10, లారెన్సు, తిబుర్తీనా దారి: అంతే రాసి ఉంది. ఆ దారిలోనే, వెరానో పొలంలో ఉన్న ఆయన సమాధి దగ్గర కాన్‌స్టంటైన్ చక్రవర్తి దేవాలయం కట్టించాడు. చనిపోయి నూరేళ్లు తిరగకముందే పేరూ రోజూ సమాధీ ఇలా ఒకదానికొకటి సరిపోవడం ఆ కాలపు వేదసాక్షుల్లో అందరికీ దొరికే భాగ్యం కాదు. "258లో, వలేరియన్ కాలంలో, పోపు సిక్స్తుస్ గారి తర్వాత నాలుగో రోజున వేదసాక్షి మరణం పొందిన రోమ్ డీకను" అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. మిగతా సంగతుల ముందు "సంప్రదాయం ప్రకారం" అని చేర్చండి.

పుట్టిన ఊరి విషయంలో మాత్రం ఆగి ఆలోచించండి. స్పెయిన్‌లోని వెస్కా ఊరివాళ్లు ఆయన్ని తమవాడని చెప్పుకుంటారు. 400 ప్రాంతంలో లారెన్సు గారి మీద పెద్ద కీర్తన రాసిన ప్రుదెన్షియస్ కూడా స్పెయిన్ వాడే. తన దేశపువాడైతే ఆ కవి చెప్పకుండా ఉండేవాడు కాదు. ఆయన చెప్పిందేమో, ఏబ్రో నది అవతల, రెండు పర్వతశ్రేణుల అవతల ఉన్న మాకు ఆ సమాధి చూసే భాగ్యం లేదని.

మా దగ్గర ఉన్న పాత పుస్తకంలో లారెన్సు గారిని డేసియస్ చక్రవర్తి స్వయంగా విచారించి శిక్ష వేసినట్టు ఉంది. మీరేమో వలేరియన్ అంటారు.
– విశాఖపట్నం

డేసియస్ ఏలింది 249 నుంచి 251 దాకా. 251లోనే యుద్ధంలో చనిపోయాడు. 258లో తీర్పు చెప్పడానికి లేడు. లారెన్సు గారి కథను తర్వాతి శతాబ్దాల్లో విస్తరించి రాసినవాళ్లు డేసియస్‌నే చక్రవర్తిగా పెట్టారు. మధ్యయుగంలో ఐరోపా అంతా చదివిన పునీతుల చరిత్రలు దాన్నే తీసుకున్నాయి, అక్కడి నుంచి అది అనువాదాల్లోకి పాకింది. సామ్రాజ్యమంతటా మొదటిసారి హింస పెట్టినవాడిగా డేసియస్ పేరు జనం నోళ్లలో నిలిచిపోవడమే ఇందుకు కారణం అయ్యుంటుంది. మీ పుస్తకంలో ఆ పేరు కొట్టేసి పక్కన వలేరియన్ అని రాసుకోండి. వలేరియన్ కూడా అప్పుడు రోమ్‌లో లేడు, తూర్పు సరిహద్దులో ఉన్నాడు. 260లో పర్షియా రాజు మొదటి షాపూర్‌కు బందీగా చిక్కాడు. వలేరియన్ కొడుకు గాలియెనస్ హింస ఆపి, క్రైస్తవుల ప్రార్థన స్థలాలు, సమాధుల తోటలు తిరిగి ఇప్పించాడు.

అయితే ఇనుప చట్రం మీద కాల్చారన్నది కల్పనేనా? "ఈ పక్క కాలింది, తిప్పండి" అన్నారన్న మాట కూడానా?
– ఖమ్మం నుంచి ఒక గురువిద్యార్థి

కల్పన అని తేల్చేయడం తొందరపాటు. నిజమని ప్రమాణం చేయడమూ అంతే. రెండు వైపులా ఏముందో చూడండి.

అనుమానానికి మొదటి కారణం శాసనమే. వెంటనే చంపమంది తప్ప, చిత్రహింస పెట్టమనలేదు. అదే శాసనం కింద సెప్టెంబర్ 14న సిప్రియన్ గారిని కత్తితో తల తీశారు. రెండో కారణం, కథలో ముఖ్యమైన భాగాలు మనకు దొరికే రాతల్లో ఆలస్యంగా కనిపించడం. పోపు దమాసుస్ గారు (366–384) సమాధి దగ్గర చెక్కించిన పద్యంలో దెబ్బలు, మంటలు, సంకెళ్ల మాట ఉంది, చట్రం మాట లేదు. చట్రం, చమత్కారం, సిక్స్తుస్ గారితో సంభాషణ, పేదల్ని చూపించడం ఇవన్నీ విస్తారంగా చెప్పినవాళ్లు 380ల చివర్లో మిలాన్ బిషప్పు అంబ్రోజ్, ఆ తర్వాత ప్రుదెన్షియస్. అంటే నూట ముప్పై ఏళ్ల దూరం. ప్రుదెన్షియస్ అయితే సిక్స్తుస్ గారిని సిలువ వేశారని రాశాడు. సిప్రియన్ గారి ఉత్తరం పక్కన పెట్టుకుని చదివితే అది నిలవదు. మూడో కారణం, ఇదే మాట మరొకచోట వినబడటం. జూలియన్ చక్రవర్తి కాలంలో ఫ్రుగియాలో మాసిడోనియస్, తియోడూలస్, తాతియన్ అనే ముగ్గుర్ని ఇలాగే చట్రం మీద కాల్చినప్పుడు, రెండో పక్కకి తిప్పమని పాలకుడితో అన్నారని సంఘ చరిత్రకారుడు సోక్రటీస్ (గ్రీకు తత్వవేత్త కాదు) రాశాడు.

ఇక రెండో వైపు. ఇదే వలేరియన్ హింసలో, 259 జనవరి 21న, స్పెయిన్‌లోని తర్రగోనా బిషప్పు ఫ్రుక్తుయోసుస్ గారిని, ఆయన డీకన్లు ఇద్దరినీ నిప్పుల్లో వేసి చంపారు. శాసనంలో నిప్పు మాట లేదు కాబట్టి నిప్పు జరగలేదనే వాదన అక్కడితో బలహీనపడుతుంది. పైగా లారెన్సు గారి విషయంలో పాలకుడికి కావలసింది ప్రాణం ఒక్కటే కాదు, డబ్బు ఎక్కడుందో తెలియాలి. దాని కోసం హింస పెట్టి ఉంటే ఆశ్చర్యం లేదు. సిక్స్తుస్ గారికీ ఆయనకూ మధ్య ఆ నాలుగు రోజుల ఎడం ఎందుకొచ్చిందో కూడా అప్పుడు అర్థమవుతుంది.

మా అభిప్రాయం ఇది: నిప్పు జరిగి ఉండవచ్చు, దమాసుస్ గారి పద్యం దాన్ని బలపరుస్తోంది. చట్రం ఆకారం, ఆ మాట మాత్రం సంప్రదాయంగానే చెప్పాలి. ప్రసంగంలో చెప్పండి, దాచనక్కరలేదు. దాని మీదే ప్రసంగమంతా నిలబెట్టకండి.

లారెన్సు గారు సంఘపు "సంపద" చూపించమంటే పేదల్ని చూపించారు కదా. అసలు అంత సంపద ఉండేదా? డీకను పని ఏమిటి?
– సికింద్రాబాద్

ఇది అడిగినందుకు సంతోషం. లారెన్సు గారి గురించి ఒక్క ప్రశ్నకే జవాబు చెప్పే వీలుంటే మేం ఎంచుకునేది ఇదే.

రోమ్ సంఘం ఎంత పెద్దదో చెప్పే లెక్క మనకు దక్కింది. 251లో, అంటే లారెన్సు గారి మరణానికి ఏడేళ్ల ముందు, పోపు కొర్నేలియుస్ గారు అంతియోకు బిషప్పు ఫాబియుస్‌కు రాసిన ఉత్తరాన్ని చరిత్రకారుడు యూసేబియస్ తన గ్రంథంలో ఎక్కించాడు. అప్పటి రోమ్ సంఘంలో ఒక బిషప్పు, 46 మంది గురువులు, ఏడుగురు డీకన్లు, ఏడుగురు ఉపడీకన్లు, 42 మంది అకోలైట్లు (పూజలో సహాయకులు), భూతవైద్యులు, చదివేవారు, ద్వారపాలకులు కలిసి 52 మంది. ఆ వెంటనే, సంఘం పోషిస్తున్న విధవలు, కష్టాల్లో ఉన్నవారు పదిహేను వందలకు పైన.

ఆ ఏడుగురు డీకన్లను, ఆ పదిహేను వందల మందిని పక్కపక్కన పెట్టి చూడండి. నగరాన్ని డీకన్లకు ఏడు ప్రాంతాలుగా పంచిన పోపు ఫాబియన్ గారు అప్పటికి కొద్దికాలం ముందువారే. సరాసరి లెక్కేస్తే ఒక్కో డీకనుకు రెండు వందల మంది. వాళ్లలో ఎవరు చనిపోయారు, ఎవరికి జబ్బు, ఎవరు కొత్తగా చేరారు, ఎవరికి గింజలు అందలేదు, ఇవన్నీ అతను తెలుసుకుని ఉండాలి. డబ్బు వచ్చే దారి ఆదివారపు కానుకే. 155 ప్రాంతంలో రోమ్‌లో ఉన్న క్రైస్తవ రచయిత జస్టిన్ ఆ పద్ధతి రాసిపెట్టాడు: ఇవ్వగలిగినవారు ఇష్టమైనంత ఇస్తారు, పోగైనది సంఘపెద్ద దగ్గర ఉంటుంది, దానితో అనాథలను, విధవలను, రోగులను, చెరసాలలో ఉన్నవారిని, ఊరుకు కొత్తవారిని ఆదుకుంటారు. పూజకు రాలేనివారికి సత్ప్రసాదం మోసుకెళ్లేది డీకన్లే. సంఘంలో ఏ ఇంటి గడప ఎక్కడుందో బాగా తెలిసినవాడు డీకను. పాలకుడు బిషప్పు తర్వాత డీకన్ల మీద పడటానికి ఇదీ ఒక కారణమే.

వెండి బంగారాలు అసలు లేవా అంటే, ఉన్నాయి, కొద్దిగా. రోమ్ సంఘపు పట్టిక మనకు లేదు. ఉత్తర ఆఫ్రికాలోని సిర్తా అనే ఊరి సంఘానిది ఉంది. 303 మే 19న, డయోక్లీషియన్ హింసలో, అధికారులు ఆ ప్రార్థనాగృహంలో దొరికినవన్నీ రాసుకున్నారు. బంగారు పాత్రలు రెండు, వెండి పాత్రలు ఆరు, చిన్న వెండి కూజాలు ఆరు, ఒక వెండి గిన్నె, వెండి దీపాలు ఏడు, కొన్ని ఇత్తడి దీపాలు. తర్వాత బట్టలు: ఆడవాళ్ల అంగీలు 82, ముసుగులు 38, మగవాళ్ల అంగీలు 16, మగవాళ్ల చెప్పుల జతలు 13, ఆడవాళ్ల చెప్పుల జతలు 47. ఏడు దీపాలకు 82 అంగీలు. ఖజానా అని లోపలికి వెళ్లినవాళ్లకు దొరికింది ఇది. ఆడవాళ్ల బట్టలు అన్ని ఉండటం చూస్తే ఆ ఊళ్లోనూ సంఘం మోసిన భారంలో పెద్ద వాటా విధవలదేనని తోస్తుంది.

లారెన్సు గారి కథ ఈ నేల మీద నిలబడి చదవాలి. ప్రుదెన్షియస్ చెప్పిన ప్రకారం నగర ప్రిఫెక్టు (రోమ్ నగర పాలకుడు) సంపద అప్పగించమన్నాడు, డబ్బు మీద బొమ్మ చక్రవర్తిదే కదా అని వాక్యం కూడా వల్లించాడు. లారెన్సు గారు లెక్క తేల్చడానికి మూడు రోజుల గడువు అడిగారు. ఆ మూడు రోజులూ ఊరంతా తిరిగి గుడ్డివాళ్లను, కుంటివాళ్లను, పుండ్లతో ఉన్నవాళ్లను, విధవలను ఒకచోట చేర్చి, ఒక్కొక్కరి పేరూ రాసి, వరుసగా నిలబెట్టి చూపించారు. మాటల్లో కవి చేయి ఉంది. అయినా ఆ జాబితా రాయగల మనిషి రోమ్‌లో ఎవరైనా ఉంటే అది డీకనే, ఆ జాబితాలో పదిహేను వందల పేర్లయినా ఉండి ఉండవచ్చు.

అంబ్రోజ్ గారు ఈ కథ ఎప్పుడు చెప్పారో కూడా గమనించాలి. 378లో ఆడ్రియానోపుల్ యుద్ధం తర్వాత గోత్ జాతివాళ్లు పట్టుకుపోయిన బందీలను విడిపించడానికి ఆయన సంఘపు పవిత్ర పాత్రలు కరిగించి డబ్బు కట్టారు. ప్రత్యర్థులు తప్పుపట్టారు. దానికి సమాధానంగా, గురువులు నడుచుకోవాల్సిన తీరు గురించి రాసిన గ్రంథంలో లారెన్సు గారిని సాక్షిగా నిలబెట్టారు. సంఘం బంగారం ఉంచుకునేది దాచడానికి కాదు, అవసరమైనవాళ్లకు ఖర్చుపెట్టడానికే అన్నది ఆయన వాదం.

మా విచారణకు (పారిష్‌కు) లారెన్సు గారి విగ్రహం చేయిస్తున్నాం. శిల్పికి ఏం చెప్పాలి?
– కృష్ణా జిల్లా

ఎక్కువగా జరిగే తప్పు ఆయన్ని గురువుగానో బిషప్పుగానో చేసేయడం. ఆయన డీకను. కాబట్టి వేయాల్సింది డాల్మాటిక్: వెడల్పు చేతులు, మోకాళ్లు దాటిన పొడవు, పక్కలు చీలి ఉండే పై అంగీ. ముందు భాగంలో భుజాల నుంచి కిందికి రెండు నిలువు పట్టీలు. రంగు ఎరుపు, పట్టీలు బంగారు రంగు. స్టోలు (పూజలో వేసుకునే పొడవాటి గుడ్డ పట్టీ) చూపిస్తే ఎడమ భుజం మీంచి ఛాతీకి అడ్డంగా కుడి నడుము దగ్గరకు రావాలి. మెడ నుంచి రెండు వైపులా వేలాడితే అది గురువు స్టోలు. నెత్తిన కిరీటం, చేతిలో బిషప్పు కర్ర వద్దు. నిజానికి 258లో డీకన్లు డాల్మాటిక్ వేసేవారు కాదు, అది తర్వాతి శతాబ్దపు అలవాటు. అయినా చూసేవాళ్లు గుర్తుపట్టేది దానితోనే కాబట్టి ఉంచండి.

ముఖం యువకుడిది, గడ్డం లేకుండా. ఒక చేతిలో సువార్త గ్రంథం లేదా డబ్బు సంచి, మరో చేతిలో వేదసాక్షి గుర్తైన ఖర్జూరపు మట్ట. శిల్పికి ఈతమట్ట చూపిస్తే తేలిగ్గా పట్టుకుంటాడు, లేకపోతే కొబ్బరిమట్ట చెక్కేస్తాడు. కమ్మీల చట్రం పక్కన నిలబడి ఉండాలి, పిడితో. ఫైబర్ విగ్రహంతో కలిపి పోతపోస్తే సన్నటి కమ్మీలు రవాణాలోనే విరుగుతాయి. చట్రం విడిగా ఇనుప చువ్వతో చేయించి, పీఠానికి బోల్టులతో బిగించండి. పెయింటుకు ముందు తుప్పు పట్టకుండా ప్రైమర్ వేయించాలి.

పోలికలు కలవకుండా చూసుకోండి. రాళ్లుంటే అది పునీత స్తెఫాను. సరగోసా డీకను విన్సెంట్‌కు కూడా చట్రం ఉంటుంది, ఆయన్ని తిరగలి రాయితో గుర్తిస్తారు. ఈ తికమక పాతదే. ఇటలీలోని రవెన్నాలో గాల్లా ప్లాచిదియా స్మారకంలో 5వ శతాబ్దపు మొజాయిక్ ఒకటుంది: మండుతున్న చట్రం, ఒక పక్క నాలుగు సువార్తలున్న బీరువా, మరో పక్క భుజాన సిలువతో నడిచొచ్చే మనిషి. ఎక్కువమంది లారెన్సు అంటారు, విన్సెంట్ అనే పండితులూ ఉన్నారు. మాకు లారెన్సు అనే అనిపిస్తుంది.

కొత్త దేవాలయపు బలిపీఠంలో పెట్టడానికి లారెన్సు గారి అవశేషం ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ధర్మకర్తలు కొందామంటున్నారు. కొనవచ్చా?
– ప్రకాశం జిల్లా

వద్దు. పవిత్ర అవశేషాలు అమ్మడాన్ని సంఘ చట్టం 1190వ నియమం పూర్తిగా నిషేధిస్తుంది. మీ మేత్రాసన (బిషప్పు గారి) కార్యాలయానికి చెప్పకుండా డబ్బు పంపితే రెండు నష్టాలు: డబ్బూ పోతుంది, వచ్చిన వస్తువు దేనికీ పనికిరాదు.

పనికిరాకపోవడానికి కారణం ఉంది. బలిపీఠం కింద ఉంచే అవశేషం మనిషి శరీర భాగమని గుర్తుపట్టగలిగేంత పరిమాణంలో ఉండాలని ప్రతిష్ఠా విధి చెబుతుంది. ఆన్‌లైన్‌లో కనిపించే గుండ్రటి చిన్న పెట్టెల్లో ఉండేది చాలావరకు నలుసంత. దాన్ని గౌరవార్థం చూపించవచ్చేమో కానీ బలిపీఠంలో నిక్షిప్తం చేయలేం. పైగా ఇప్పటి పద్ధతిలో అవశేషాన్ని బలిపీఠం బల్ల పైన గానీ, బల్లలో తొలిచి గానీ పెట్టరు, బల్ల కిందే పెడతారు.

సరైన దారి ఇది. విచారణ గురువు బిషప్పు గారికి రాతపూర్వకంగా విన్నవించాలి. బిషప్పు గారి కార్యాలయమే తగినచోట అడుగుతుంది. వచ్చిన పెట్టెకు వెనుక దారం, దాని మీద లక్క ముద్ర చెక్కుచెదరకుండా ఉండాలి, వెంట వచ్చిన ధ్రువపత్రం మీది ముద్రతో అది సరిపోవాలి. ముద్ర పగిలి ఉన్నా, పత్రం లేకపోయినా ఎంత భక్తితో ఇచ్చినా పక్కన పెట్టాల్సిందే. దొరకలేదని బాధపడొద్దు. అనుమానం ఉన్న అవశేషం పెట్టడం కన్నా అవశేషం లేకుండా బలిపీఠాన్ని ప్రతిష్ఠించడమే మేలని అదే విధిలో స్పష్టంగా ఉంది.

ఆగస్టు 10 ఆదివారం వస్తే ఏ పూజ చేయాలి?
– నల్గొండ

ఆదివారం పూజే. పునీతుల పండుగ ఆదివారానికి దారి ఇస్తుంది. ఇకమీద అలా వచ్చేది 2031లో. మీ దేవాలయం లారెన్సు గారి పేరు మీదే ఉంటే అది మీకు మహోత్సవం, ఆదివారమైనా ఆయన పూజే చేసుకోవచ్చు. మామూలు ఏడాదిలో ఎర్ర వస్త్రాలు, మహిమ గీతం ఉంటుంది, విశ్వాస సంగ్రహం ఉండదు. పఠనాలు: 2 కొరింతీ 9:6–10, కీర్తన 112, యోహాను 12:24–26. కీర్తన 112లో 9వ వచనం పాడేటప్పుడు తొందరపడొద్దు. ఆయన పేదలకు ధారాళంగా ఇచ్చాడు అన్నదే ఆ రోజు పూజకు ప్రాణం.

రోమ్ యాత్రకు వెళ్తున్నాం. లారెన్సు గారి పేరుతో చాలా దేవాలయాలున్నాయట. ఒక్కటే చూడగలిగితే ఏది?
– హైదరాబాద్

నగర ప్రాకారాల బయట ఉన్న సాన్ లొరెంజో. టర్మినీ రైల్వే స్టేషన్‌కు తూర్పు వైపు, వెరానో శ్మశానం పక్కనే. సమాధి ఉన్నది ఇక్కడ. కాల్చిన చోటని చెప్పేది పనిస్పెర్నా దేవాలయం, చట్రం ముక్కలు చూపించేది లూచినా దేవాలయం. రెండూ బాగానే ఉంటాయి కానీ సమాధికున్నంత పాత ఆధారం వాటికి లేదు.

లోపల ఒక చిక్కుంది, తెలియక చాలామంది ముఖ్యమైనది చూడకుండా వచ్చేస్తారు. ఇప్పుడు కనిపించేది రెండు దేవాలయాలు కలిసిన కట్టడం. వెనుక భాగం పోపు రెండవ పెలాజియుస్ గారు (579–590) సమాధి మీద కట్టించింది. ముందు భాగం 13వ శతాబ్దంలో పోపు మూడవ హోనోరియుస్ గారు చేర్చింది. ఆయన ద్వారం దిక్కు మార్చేశారు. దాంతో పెలాజియుస్ గారి తోరణం మీది మొజాయిక్, లోపలికి వచ్చేవాళ్లకు వీపు చూపిస్తుంది. తోరణం దాటి బలిపీఠం అవతలకు వెళ్లి వెనక్కి తిరిగి పైకి చూడాలి. మధ్యలో క్రీస్తు ప్రభువు, చుట్టూ పేతురు, పౌలు, స్తెఫాను, లారెన్సు, హిప్పోలితుస్, చేతిలో గుడి నమూనాతో పెలాజియుస్. లారెన్సు గారు తెరిచి పట్టుకున్న పుస్తకంలో లాటిన్‌లో ఉన్నది పైన చెప్పిన కీర్తన 112 వచనమే. చట్రం ఎక్కడా లేదు. 6వ శతాబ్దపు రోమ్ ఆయన్ని ఇలా తలచుకుంది.

సమాధి బలిపీఠం కింది గదిలో ఉంది, మెట్లు దిగాలి. 1943 జూలై 19న అమెరికా విమానాల బాంబు దాడిలో ముందు భాగం బాగా దెబ్బతింది, యుద్ధం తర్వాత తిరిగి కట్టారు. గోడల మీది చిత్రాలు అక్కడక్కడ లేకపోవడానికి కారణం అదే. మధ్యాహ్నం మూసేస్తారు, ఉదయమే వెళ్లండి.

కెనడాలో ఉంటున్నాం. సెయింట్ లారెన్స్ నది ఈయన పేరేనా?
– మాంట్రియల్

ఈయనదే. ఫ్రెంచి నావికుడు జాక్ కార్తియే 1535 ఆగస్టు 10న ఒక చిన్న అఖాతంలో లంగరు వేసి పండుగ పేరు పెట్టాడు. తర్వాత అదే పేరు పెద్ద సింధుశాఖకు, నదికి పాకింది. స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ సైన్యం 1557లో సాన్ క్వింటిన్ దగ్గర ఫ్రెంచివాళ్లను గెలిచిందీ ఆగస్టు 10నే. దానికి కృతజ్ఞతగా 1563–84 మధ్య మాడ్రిడ్ దగ్గర ఎస్కోరియల్ కట్టించాడు. దాని నేల నమూనా చట్రంలా ఉంటుందని అంటారు.

మేం ప్రొటెస్టెంట్లం. హతసాక్షులను గౌరవిస్తాం కానీ పునీతుల పండుగలు ఆరాధనలా అనిపిస్తాయి. ఆదిసంఘంలో ఈ తేడా ఎవరైనా గుర్తించారా?
– రాజమహేంద్రవరం

గుర్తించారు, చాలా ముందే. స్ముర్న బిషప్పు పోలికార్ప్ గారి మరణం గురించి 2వ శతాబ్దంలో ఆ సంఘం రాసిన లేఖలోనే ఉంది: ఆరాధించేది దేవుని కుమారుడైన క్రీస్తును, హతసాక్షులను ప్రేమించేది ఆయన శిష్యులుగా, ఆయన్ని అనుసరించినవారిగా. ఏటా ఆ రోజున సమాధి దగ్గర కూడుతామనీ అదే లేఖలో రాశారు. మీ సంఘంలో లారెన్సు గారి గురించి చెప్పాలంటే ఏ విన్నపమూ అవసరం లేదు. కొర్నేలియుస్ గారి లెక్క చదివి వినిపించండి.

ఆగస్టులో రాలే ఉల్కలను "లారెన్సు కన్నీళ్లు" అంటారట. మన దగ్గర కనిపిస్తాయా?
– కర్నూలు నుంచి ఒక ఉపాధ్యాయురాలు

కనిపిస్తాయి, మబ్బు అడ్డు రాకపోతే. స్విఫ్ట్–టటిల్ అనే తోకచుక్క సుమారు 133 ఏళ్లకోసారి సూర్యుణ్ణి చుట్టి వెళ్తుంది, చివరిసారి 1992లో వచ్చింది. అది వదిలిన ధూళిలోంచి భూమి ఏటా ఆగస్టులో దూసుకుపోతుంది. రేణువులు సెకనుకు 59 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూరి మండిపోతాయి. ఇవే పర్సీడ్లు.

ఇప్పుడు ఎక్కువగా రాలేది ఆగస్టు 12, 13 తేదీల్లో, పండుగ నాడు కాదు. నక్షత్రాలతో కొలిచే ఏడాది క్యాలెండర్ ఏడాది కంటే ఇరవై నిమిషాలు పెద్దది, అందుకే సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఉల్కల తేదీ ఆలస్యమవుతోంది. 19వ శతాబ్దం మొదట్లో అవి పండుగ రోజుకు బాగా దగ్గరగా ఉండేవి. 258లో మరెంతో ముందే రాలిపోయేవి. కాబట్టి పిల్లలకు చెప్పేటప్పుడు, ఆ రాత్రి ఆకాశం ఏడ్చిందని కాకుండా, పండుగ రోజుల్లో కనబడే ఉల్కలకు తర్వాతి జనం ప్రేమతో పెట్టుకున్న పేరని చెప్పండి.

మన ప్రాంతంలో ఉల్కలు బయల్దేరినట్టు కనిపించే చోటు రాత్రి పది ప్రాంతంలో ఈశాన్యాన పొడుస్తుంది, అప్పుడు చూస్తే ఒకటీ అరా. రెండు గంటల నుంచి నాలుగున్నర దాకా చూడాలి. ఊరి లైట్లకు దూరంగా, మేడ మీద చాప వేసుకుని పడుకుని, ఈశాన్యం నుంచి నడినెత్తి దాకా చూపు పరచండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఫోను చూస్తే మళ్లీ మొదటికొస్తుంది. పౌర్ణమికి దగ్గరైన ఏడాది సగం కూడా కనిపించవు. బైనాక్యులర్ అక్కరలేదు.

చివరి రాత్రి భోజనపు పాత్రను లారెన్సు గారే స్పెయిన్‌కు పంపారన్నది నిజమా?
– తెనాలి

వలెన్సియా మహాదేవాలయంలో ఉన్న అగేటు రాతి పాత్ర గురించి ఆ సంప్రదాయం ఉంది. దాని గురించిన గట్టి పత్రం 1399 నాటిది, ఆ ఏడాది సాన్ హువాన్ దె లా పేన్యా మఠం దాన్ని అరగాన్ రాజు మార్తిన్‌కు ఇచ్చింది. 258కీ 1399కీ మధ్య పదకొండు వందల ఏళ్లు. అంబ్రోజ్, దమాసుస్, ప్రుదెన్షియస్ ముగ్గురిలో ఒక్కరూ ఆ పాత్ర ఊసెత్తలేదు. కరపత్రంలో వేయకండి.